దసరా తరువాత మిగిలే నిమ్మకాయలు

నవరాత్రులు పూర్తయ్యేసరికి ప్రతి ఇంట్లోనూ నిమ్మకాయలు పోగవుతాయి. అమ్మవారి మాలలోంచి ప్రసాదంగా వచ్చినవి కొన్ని, పులిహోరకు పిండగా మిగిలిన డిప్పలు కొన్ని. మాలలోని కాయలను ముందుగా వాడేయండి. సూది గుచ్చిన చోట బూజు త్వరగా పడుతుంది కాబట్టి ఊరగాయకు దాచవద్దు.

ఇక డిప్పల సంగతి. తొక్క పైపొరలో నూనె ఉంటుంది. వాసనా, జిడ్డు వదిలించే గుణమూ దానివే. తెల్లపొరలో ఉండేది చేదు. అడుగున అంటుకున్న రసంలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ఏ పని ఏ భాగం చేస్తుందో తెలిస్తే ఎక్కడ వాడకూడదో కూడా తెలుస్తుంది.

ఇత్తడి కుందుల మీది నల్లదనాన్ని ఆమ్లం కరిగిస్తుంది. డిప్పలో కాస్త ఉప్పు వేసి రుద్ది, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవండి. మన అమ్మలు చింతపండుతో చేసిందీ ఇదే. టీ కెటిల్ లో సున్నం పేరుకుంటే నీళ్ళలో నాలుగు డిప్పలు వేసి మరిగించి, గంటసేపు వదిలేస్తే పెచ్చులు ఊడి వస్తాయి.

ఆ సున్నమూ, పాలరాయీ రెండూ కాల్షియం కార్బొనేటే. ఈ మాట నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఏడాది కుందులు తోమిన డిప్పను మా పూజా మందిరం పాలరాతి మెట్టు మీద పెట్టి మరిచిపోయాను. తెల్లవారేసరికి డిప్పంత మేర నునుపు పోయింది. ఎన్నిసార్లు తుడిచినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, రాయే కరిగింది. ఇప్పటికీ అక్కడ ముగ్గు వేసి కప్పుతుంటాను! పాలరాతి విగ్రహాలకు, ముత్యాల నగలకు నిమ్మ తగలనివ్వకండి. బ్లీచ్ తో అసలే కలపవద్దు, క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది.

కమలాపండ్ల తొక్కలకు దీపావళి దాకా ఇరవై రోజుల వ్యవధి ఉంది. ఇక్కడి దుకాణాల పండ్లకు మైనం పూత ఉంటుంది కాబట్టి వేడినీళ్ళతో బ్రష్ పెట్టి తోమి, తొక్క తీసి, ఎండ లేకపోతే ఓవెన్ లో అతి తక్కువ వేడి మీద గలగలలాడేలా ఎండబెట్టండి. పొడి కొట్టి నరక చతుర్దశి తలంటుకు సున్నిపిండిలో కలుపుకోవచ్చు. పచ్చి నిమ్మరసం మాత్రం ఒంటికి రాసుకుని ఎండలోకి వెళ్ళకండి, చర్మం బొబ్బలెక్కుతుంది.

మిగిలిన తొక్కలతో పచ్చడి చేయండి. సన్నగా తరిగి, ఒకసారి ఉడికించి ఆ నీళ్ళు వంపేస్తే చేదు చాలావరకు పోతుంది. నూనెలో వేయించి చింతపండు గుజ్జు, బెల్లం, కారం, ఉప్పు వేసి దగ్గర పడనిచ్చి, ఆవాలు ఇంగువ తాలింపు పెట్టండి. బెల్లం దగ్గర పిసినారితనం చూపవద్దు. మా పిల్లలు దీన్ని దోసెల్లోకి జామ్ అనుకుని తింటారు.