తల్లితోకూడ పిల్లలు

పఠింపవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, 2 సమూయేలు 12:1–6



పిల్లిని గూర్చి బైబిలు పాఠమా యని కొందరు నవ్వవచ్చును. మనము చదువు 66 గ్రంథములలో పిల్లి పేరు ఒక్కమారైనను లేదు. సింహము, నక్క, కుక్క, కుందేలు, చీమ సైతము కలవు గాని, మన పొయ్యి ప్రక్కను పండుకొను ఈ జంతువు లేదు. అయినను తల్లిని పిల్లలను గూర్చి ధర్మశాస్త్రము చెప్పిన మాట యొకటి కలదు. అదియే ఈ మాసపు పాఠము.

మా సంఘములో పుట్టి పెరిగిన ఒక సహోదరి ఇప్పుడు సికింద్రాబాదులో మెట్టుగూడ ప్రాంతమున కాపురముండుచున్నది. భర్తది చిన్న జీతము, ఇద్దరు పిల్లలు, అద్దె యిల్లు. గత వర్షాకాలమున ఒక వీధిపిల్లి వారి గుమ్మమునొద్దకు వచ్చుట మొదలుపెట్టెను. చేప తలకాయలును అన్నమును వేసిరి. నెల తిరుగకముందే అది మంచము క్రింద పాత చీరల మూటలో నాలుగు పిల్లలను పెట్టెను. ఒక్కదానికి పెట్టుదుమనుకొన్న యింట ఐదు ప్రాణములాయెను. ఇల్లుగలామె సణుగసాగెను. అప్పుడు ఇరుగుపొరుగువారు చెప్పిన ఉపాయము మీకందరికిని తెలిసినదే: కూనలను గోనెసంచిలో వేసి, మూతి కట్టి, రైలుకట్ట అవతల ఎక్కడనో విడిచి రమ్మనిరి. సహోదరి మాకు ఫోను చేసి, "అయ్యగారూ, పిల్లే గదా, ఇందులో పాపమేముంది?" అని అడిగెను.

మేము ఆమెను ద్వితీయోపదేశకాండము తెరువుమంటిమి. త్రోవలో ఒకనికి పక్షిగూడు కనబడినది. తల్లి తన పిల్లలమీదనో గ్రుడ్లమీదనో కూర్చున్నది. తల్లిని పిల్లలతోకూడ తీసికొనకూడదని, తల్లిని పోనియ్యవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఆకలిగొన్నవాని చేతిని ఆయన పూర్తిగా కట్టివేయలేదు. అయితే ఎగిరిపోగల తల్లి ఎగిరిపోక కూర్చున్నది పిల్లలమీది ప్రేమచేతనే. ఆ ప్రేమను ఉచ్చుగా చేసి దానిని పట్టుకొనకుమని చెప్పుచున్నాడు. ఈ చిన్న ఆజ్ఞ చివర నున్న వాగ్దానము చూడుడి: మేలు కలుగును, దీర్ఘాయువు కలుగును. అదే గ్రంథము 5:16లో తలిదండ్రులను సన్మానించువానికి చెప్పిన వాగ్దానమును ఇదియే! ఇంటిలోని వృద్ధులకును త్రోవప్రక్క గూటికిని దేవుడు ఒకే ప్రతిఫలము నియమించెను. మన పెద్దలు మొదటిదానిని పిల్లలకు పదేపదే వినిపింతురు. రెండవదానిని ఎవరైనను వినిపించగా మేము వినలేదు.

అక్కడ పంపివేయబడినది తల్లి, ఇక్కడ పారవేయబడునవి పిల్లలు గదా అని ఒకరు అడుగవచ్చును. నిజమే. గాని లేవీయకాండము 22:28 కూడ చూడుడి: ఆవునైనను గొఱ్ఱెనైనను దాని పిల్లతోకూడ ఒక్కనాడే వధింపకూడదు. రెండు చోట్లను తల్లికిని పిల్లకును నడుమ నున్న బంధమునే దేవుడు లక్ష్యపెట్టుచున్నాడు. పిల్లికూన కన్ను తెరచుటకు 7 మొదలు 14 దినములు పట్టును. నాలుగు వారములవరకు దానికి తల్లిపాలే ఆధారము. సంచిలో కట్టి విడిచినది ఆకలితో చచ్చును, తల్లి యిల్లిల్లు వెదకుచు అరచును. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును నిష్కారణముగా విడిచిపెట్టుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము కూడ నేరమే.

మనుష్యులే పస్తులుండగా పిల్లికి ఖర్చేమిటి అని ఆమె భర్త అడిగెను. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. (అత్తరును గూర్చి బీదల పేరెత్తినవాడెవడో యోహాను 12లో కలదు, అడుగువారందరు అట్టివారని మేమనము.) నాతాను చెప్పిన కథలోని దరిద్రుని జ్ఞాపకము చేసికొనుడి. వానికున్నది కొనుక్కొన్న ఒక్క ఆడు గొఱ్ఱెపిల్ల. అది వాని ముద్దలో తిని, వాని గిన్నెలో త్రాగి, వాని కౌగిట పండుకొనెను. పేదవాడు జంతువును కుమార్తెవలె పెంచుట వెఱ్ఱితనమని దావీదు అనలేదు. దానిని పట్టుకొనిపోయిన ధనవంతునిమీద మండిపడెను. ఈ కుటుంబము పెట్టినదైనను తమ పళ్లెములో మిగిలినదే.

కూనలు పుట్టిన రెండవ రాత్రి వాన నీరు మంచము క్రిందికి రాగా, ఆ తల్లి ఒక్కొక్క కూనను మెడ కరచి పట్టుకొని అటకమీదికి చేర్చినదట. ఈ దృశ్యమును మన దేశపు వైష్ణవులు ఏనాడో గమనించిరి. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకొనును, పిల్లికూనను తల్లియే మోయును. వీటికి మర్కటకిశోర న్యాయము, మార్జాలకిశోర న్యాయము అని పేరులిడి, రామానుజుల అనుయాయులలో వడగలై తెంగలై శాఖలవారు దైవకృపను గూర్చి వాదించుకొనిరి. ఎఫెసీయులకు 2:8 చదివిన మనము ఏ కూనవలె నుందుమో చెప్పనక్కరలేదు. యెషయా 46:3, 4 కూడ ఇంటివద్ద చదువుకొనుడి.

ఇంకొక సంగతి. పొలమునకు బయలుదేరగా పిల్లి అడ్డము వచ్చినదని ఇంటికి మరలి, మంచినీళ్లు త్రాగి మరల బయలుదేరు విశ్వాసులు మనలో నేటికిని ఉన్నారు. శకునములు చూచుటను ద్వితీయోపదేశకాండము 18:10 నిషేధించుచున్నది. ఆ యింటి పిల్లలకు దినమునకు పదిమార్లు పిల్లి అడ్డము వచ్చుచున్నది. బడిలో మార్కులు మునుపటివలెనే యున్నవి.

కనికరమునకు తెలివియు కావలెను. పిల్లి చూలు తొమ్మిది వారములు. కూనలు పాలు త్రాగుచుండగానే తల్లి మరల చూలు కట్టవచ్చును. ఆడుకూన అయిదారు నెలలకే తల్లి కావచ్చును. అన్నము పెట్టి ఊరకున్నచో, సంవత్సరము తిరుగులోగా గోనెసంచి మాట మరల వచ్చును. కావున పాలు విడిచిన తరువాత తల్లికి పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయింపవలెను. పశువైద్యుని అడిగిన మార్గము చెప్పును. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలును కలవు. పిల్లి కరచినను రక్కినను గాయమును సబ్బుతో పారు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి వెళ్లి కుక్కకాటు టీకా వేయించుకొనుడి. పసుపు, సున్నము పెట్టి కూర్చుండకుడి.

నాలుగు కూనలలో ఒకటి వారము తిరుగకముందే చచ్చెను. తక్కినవాటిని రెండు నెలలు తల్లియొద్దనే ఉంచిరి. ఇల్లుగలామెతో భర్తయే మాటలాడి గడువు తీసికొనెను. తరువాత ఒకదానిని వీధి చివరి కిరాణా దుకాణమువారును, ఒకదానిని ప్రక్కింటివారును తీసికొనిరి. తల్లికి ఆపరేషను అయినది. అది ఆ గుమ్మమునొద్దనే యున్నది. మూడవ కూనను సహోదరి బుట్టలో పెట్టుకొని రైలులో మన గ్రామమునకు తెచ్చెను. ఇప్పుడది ఒక విధవరాలి యింట వడ్లబస్తాల మధ్య ఎలుకలు పట్టుచున్నది.