ఎత్తు ఎక్కలేని పంచాయతీ ట్రాక్టరు

తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త తరలింపునకు, మొక్కలకు నీరు పోయుటకు ఇవియే ఆధారము. సమతలముపై చక్కగా నడచు ట్రాక్టరు చెరువుకట్ట ఎక్కునప్పుడు నిలిచిపోయినచో, ఇంజను విప్పించవలెనను మాట వెంటనే వచ్చును. ఆ ఖర్చుకు తీర్మానము చేయుటకు ముందు సభ్యులు డ్రైవరును ఒక ప్రశ్న అడుగవలెను: బండి ఆగునప్పుడు ఇంజను ధ్వని తగ్గినదా, లేదా?

ధ్వని తగ్గక, పైపెచ్చు హెచ్చుచు, చక్రములు మాత్రము తిరుగకున్నచో దోషము ఇంజనుది కాదు. దాని శక్తి చక్రములకు చేరుట లేదు. సాధారణముగా క్లచ్ ప్లేటు జారుటయే ఇందుకు కారణము. మాడిన వాసన మరియొక గుర్తు. సమతలమున కొద్ది శక్తి చాలును గనుక అరిగిన ప్లేటుతోను బండి నడచును. 5,000 లీటర్ల ట్యాంకరు నిండినచో నీటి బరువే 5 టన్నులు. ఏటవాలున ఆ బరువు వెనుకకు లాగును గాన లోపము అచటనే బయటపడును.

ముందుగా క్లచ్ పెడలును చేతితో నొక్కి చూడవలెను. బిగువు తగులుటకు ముందు అది కొంత వదులుగా దిగవలెను. ప్లేటు అరిగిన కొలది ఈ వదులు తగ్గును. పూర్తిగా పోయినచో పాదము తీసినను క్లచ్ గట్టిగా పట్టదు. తయారీదారుల పుస్తకములోని కొలతకు దానిని సరిచేయుట పెద్ద ఖర్చు కాదు. సరిచేసినను జారినచో ప్లేటు అరిగినదో, నూనె అంటినదో విప్పి చూడక తప్పదు. పెడలుపై పాదముంచి నడపు అలవాటును మాన్పకున్న క్రొత్త ప్లేటును నిలువదు.

ధ్వని తగ్గినచో వెదకవలసిన చోటు వేరు. నల్లని పొగ దట్టముగా వచ్చినచో బరువు మించియుండవచ్చును, లేదా దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసికొనియుండవచ్చును. పొగ లేకయే ఇంజను నీరసించినచో డీజిలు ఫిల్టరును, గొట్టములను చూడవలెను. ట్యాంకులో డీజిలు అడుగంటియున్నప్పుడు ఏటవాలున అది ఒక వైపునకు చేరి గొట్టమునకు అందకపోవుటయు కలదు. చక్రములు తిరుగుచు మట్టిని త్రవ్వుచున్నచో, అది టైర్ల పట్టుకు సంబంధించినది.

ఈ పరీక్షలేవియు కట్టపై చేయరాదు. జారు క్లచ్ గల బండిని గేరులో ఉంచినంత మాత్రమున అది నిలువదు. నడుమ ఆగినప్పుడు గేరు మార్చబోయినచో బండి వెనుకకు పరుగెత్తి, ట్యాంకరు మడతపడి, ట్రాక్టరును కట్టక్రిందికి పడద్రోయగలదు. రెండు బ్రేకు పెడళ్లను కలుపు కొక్కెమును ఎక్కుటకు ముందే వేసియుంచవలెను. ఆగినచో బ్రేకు బిగించి, ఇంజను ఆపి, చక్రముల వెనుక పెద్దరాళ్లు పెట్టింపవలెను. రాయి పెట్టువాడు ప్రక్కనుండియే పెట్టవలెను. బండి వెనుక నిలువరాదు. పిమ్మట ప్రక్కనుండియే ట్యాంకరు నీటిని వదలి బరువు తగ్గింపవచ్చును.

మరమ్మతు ముగియువరకు నిండు ట్యాంకరును ఆ కట్టపైకి పంపరాదని సర్పంచి డ్రైవరునకు వ్రాతమూలకముగా తెలుపుట మేలు. నీరు అందక మొక్కలు వాడునను తొందరలో బండిని ఎక్కించుమని సభ్యులును ఒత్తిడి చేయరాదు.