ఇంటి బల్లపై మానిటరు

తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లు వచ్చిన తరువాత కోస్తా ఆంధ్ర జిల్లాల నుండి ఎన్నో రైతు కుటుంబాలు రాయచూరు జిల్లాకు వలస వచ్చాయి. సింధనూరు, మాన్వి ప్రాంతాలలో వారు కట్టుకొన్న ఊళ్లను నేటికీ ‘క్యాంపులు’ అనే పిలుస్తారు. ఆ ఇళ్ల పిల్లలు కొందరు చదువుకొని బెంగళూరు, హైదరాబాదు నగరాలలో కంప్యూటరు ఉద్యోగాలలో చేరారు. 2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధించగా, నగరాలలోని ఉద్యోగులు ఎందరో సొంత ఊళ్లకు చేరి ఇంటి నుండే పనిచేశారు. ఆ పద్ధతి నేటికీ పూర్తిగా పోలేదు.

అలా పనిచేసే అక్క ఒకరు మీ ఇంట్లో ఉన్నారనుకొందాం. లాప్‌టాప్‌ను భోజనాల బల్లపై పెట్టుకొని రోజుకు ఎనిమిది గంటలు కూర్చొంటుంది. కొన్నాళ్లకు మెడ పట్టేస్తుంది. కారణమేమిటి? లాప్‌టాప్‌లో తెర, కీబోర్డు కలిసే ఉంటాయి. చేతులకు అనువుగా పెడితే తెర కిందికి పోయి మెడ వంచవలసి వస్తుంది. కళ్లకు అనువుగా ఎత్తితే చేతులు గాలిలో ఉంటాయి. కాబట్టి రెండింటినీ విడదీయాలి. లాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పేర్చి, వేరే కీబోర్డు, మౌస్ తగిలించినా మెడకు సుఖమే. ఖర్చు తక్కువ గనుక మొదట చేయదగినది ఇదే. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడవలసిన పని ఉన్నవారికి మాత్రం వేరే మానిటరు అవసరమవుతుంది.

అంగడికి పోయేముందు బల్లను కొలవాలి. తెర కళ్లకు సుమారు చేయి చాచినంత దూరంలో, అంటే 50 నుండి 70 సెం.మీ. దూరంలో ఉండాలి. బల్లపై అంత చోటు లేకపోతే పెద్ద తెర కొని ప్రయోజనం లేదు. తెర కొలతను మూల నుండి మూలకు అంగుళాలలో చెబుతారు. 24 అంగుళాల తెర అడ్డంగా సుమారు 53 సెం.మీ., నిలువుగా 30 సెం.మీ. ఉంటుంది. మామూలు బల్లకు ఇది చాలు.

అంగుళాలతో పాటు చుక్కల లెక్క కూడా చూడాలి. తెరపై అక్షరాలు పిక్సెళ్లు అనే చిన్న చుక్కలతో ఏర్పడతాయి. ‘ఫుల్ హెచ్.డి.’ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మీరు చదివిన పైథాగరస్ సిద్ధాంతంతో కర్ణాన్ని లెక్కగట్టండి. సుమారు 2203 వస్తుంది. దానిని 24తో భాగిస్తే అంగుళానికి 92 చుక్కలు. అవే చుక్కలను 27 అంగుళాల తెరపై పరిస్తే అంగుళానికి 82 మాత్రమే. తెర పెద్దదవుతుంది గాని అక్షరం అంచులు గరుకుగా కనిపిస్తాయి. 27 అంగుళాలే కావాలంటే అడ్డంగా 2560, నిలువుగా 1440 చుక్కలున్న తెర మేలు. అందులో అంగుళానికి 109 పడతాయి. మన లిపికి ఇది చిన్న విషయం కాదు. ‘థ’కు ‘ధ’కు తేడా కడుపులోని ఒక్క చుక్కే గదా! కన్నడ లిపిలోనూ అంతే. ఇక ఒత్తుల సంగతి చెప్పనక్కరలేదు. అందుచేత అంగడిలో రంగురంగుల సినిమా చూపిస్తే చూసి మురిసిపోక, ఒక తెలుగు పేజీ తెరిపించి చదివి చూడాలి. 144 హెర్ట్జ్ వంటి గొప్పలు ఆటలాడేవారికి. రాతపనికి 60 హెర్ట్జ్ సరిపోతుంది.

తెర పై అంచు కంటి మట్టానికి సమంగా గాని, కొంచెం కిందుగా గాని ఉండాలి. ఎత్తు మార్చుకొనే స్టాండు ఉంటే మంచిది. కిటికీ పక్కగా ఉండాలి. వెనుక ఉంటే వెలుగు తెరపై పడి మెరుస్తుంది, ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి.

శక్తినగర్‌లో 1985 నుండి థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నంత మాత్రాన జిల్లాలో కరెంటు పోదని కాదు. పోయినపుడు లాప్‌టాప్ బ్యాటరీపై నడుస్తుంది, మానిటరు ఆరిపోతుంది. 24 అంగుళాల ఎల్.ఇ.డి. మానిటరుకు సుమారు 20 నుండి 30 వాట్లు చాలు. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొంటుంది. కాబట్టి ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మానిటరును ఆ లైనుకు కలపడానికి జంకనక్కరలేదు. ఇంటర్నెట్ పెట్టెను కూడా ఆ లైనుకే కలపాలి. లేకుంటే తెర వెలుగుతూనే ఉంటుంది, అవతలివారి మాట మాత్రం మధ్యలో తెగిపోతుంది.