మరమ్మతు తరువాత తెరచుకొనని లాప్‌టాప్

పంచాయతీ కార్యాలయమునందలి ఇనుప బీరువా తాళపుచెవి ఎవరివద్ద నుండునో సభ్యులందరికిని తెలియును. లాప్‌టాప్ లోపలి డిస్కునకు గూడ ఒక తాళము కలదనియు, దాని చెవి ఎచ్చటనున్నదో వెదకి యుంచవలెననియు తెలిసినవారు మాత్రము కొలదిమందియే.

కోడూరు మండలములోని పాలకాయతిప్ప సముద్రము చెంతనున్న గ్రామము. ఉప్పుగాలికి తలుపుల బందులే తుప్పుపట్టుచుండగా, లాప్‌టాప్‌లోని సన్నని అతుకులు ఎంతకాలము నిలుచును? యంత్రము చెడిపోవును. అవనిగడ్డకో బందరుకో కొనిపోయి మదరుబోర్డు మార్పించుకొని వచ్చెదరు. మీట నొక్కగానే నీలపు తెర వచ్చి 48 అంకెల సంఖ్య నడుగును. నిత్యము వాడు పాస్‌వర్డు దానికి పనికిరాదు.

ఇందుకు కారణము దుకాణదారుని మోసము కాదు. విండోసులో బిట్‌లాకర్ అను ఏర్పాటు కలదు. అది డిస్కులోని వ్రాతనంతటిని గూఢలిపిగా మార్చి, దానిని విప్పు చెవిని టి.పి.ఎం. అను భాగమునందు భద్రపరచును. ఆ భాగము మదరుబోర్డుతో కూడియుండును. బోర్డు పోయినచో చెవియు పోయినట్లే. దొంగ డిస్కును ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించినను, మనము బోర్డు మార్పించినను, డిస్కునకు ఎదురగునది పరిచయములేని యంత్రమే. “మేమెవ్వరమును ఈ తాళము వేయలేదే!” అని కొందరందురు. నిజమే. మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రవేశించినంతనే పెక్కు క్రొత్త యంత్రములు తమంతట తామే తాళము వేసికొని, ఆ 48 అంకెలను ఆ ఖాతాలో దాచును.

కావున మొదట విచారింపవలసినది ఆ ఖాతా ఎవరిదన్న సంగతి. తొలుత యంత్రమును ఏర్పాటుచేసిన కార్యదర్శి బదిలీయై పోయి యుండవచ్చును. వారిని ఫోనులో అడిగి, ఖాతాలోని పరికరముల పట్టికలో చూడుమని కోరవలెను. తెరపై కనబడు గుర్తింపు సంఖ్యలోని మొదటి 8 అక్షరములు ఖాతాలోనివానితో సరిపోవలెను. శాఖవారు ఇచ్చిన యంత్రమైనచో శాఖ కంప్యూటరు అధికారులయొద్ద ఉండవచ్చును. అచ్చుకాగితము, పెన్‌డ్రైవు సైతము వెదకవలెను.

సంఖ్య ఆరేసి అంకెల 8 గుంపులుగా నుండును. ప్రతి గుంపును 11 చే శేషము లేకుండ భాగింపబడును. 135795 అట్టిది, 135796 కాదు. ఫోనులో విని వ్రాసికొనునప్పుడు ఒక అంకె తప్పినను ఈ లెక్కతో పట్టుకొనవచ్చును. తాళము తెరచుకొన్న వెంటనే ఫైళ్లకు వేరొక ప్రతి తీసికొని, బిట్‌లాకర్‌ను తాత్కాలికముగా నిలిపి మరల నడపించినచో క్రొత్త బోర్డుతో దానికి పొత్తు కుదురును.

సంఖ్య ఎచ్చటను దొరకనిచో మైక్రోసాఫ్టువారును చేయగలిగినది లేదు. అప్పుడు మిగులు ఆశ పాత బోర్డు ఒక్కటియే. దానిని బాగుచేసి తిరిగి బిగించినచో డిస్కు తెరచుకొనవచ్చును. అందువలన పాత బోర్డును దుకాణములో విడిచిరావలదు. “ఫార్మాటు చేసెదము” అన్నవారికి వెంటనే తల యూపవలదు. యంత్రము పనిచేయును గాని ఫైళ్లు పోవును. ఈ-గ్రామస్వరాజ్‌లో ఎక్కించిన లెక్కలకు భయము లేదు. ఇంటిపన్ను బాకీల పట్టిక, పనుల ఛాయాచిత్రములు వంటివి ఆ డిస్కులోనే యున్నచో నష్టము పంచాయతీదే.

కొన్ని యంత్రములలో డిస్కునకే ప్రత్యేక పాస్‌వర్డు పెట్టియుందురు. అది డిస్కులోనే నిలుచును గావున బోర్డు మార్చినను తొలగదు.

మరమ్మతుకు పంపుటకు ముందే బిట్‌లాకర్‌ను నిలిపి, ఫైళ్ల ప్రతి తీసికొన్నచో ఈ చిక్కే యుండదు. కార్యదర్శి బదిలీ అగునప్పుడు అప్పగింతల జాబితాలో ఈ 48 అంకెలను గూడ చేర్పించుకొనుట సభ్యుల పని. ఆ కాగితమును కవరులో నుంచి సీలువేసి, బీరువా పై అరలో పెట్టవలెను. క్రింది అర ఎందుకు పనికిరాదో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన నెరిగిన పాలకాయతిప్పవారికి మేము చెప్పనక్కరలేదు. రెండవ ప్రతిని మండల కార్యాలయమున ఉంచవచ్చును.