దేశం మీద రాసే ముందు

చిరంజీవికి,

నీ కవితల కట్ట అందింది. జెండాలున్నాయి, నెత్తురుంది, భరతమాత ఉంది. మనుషులు మాత్రం కనబడలేదురా. నువ్వడిగిన ముందుమాట సంగతి తర్వాత చూద్దాం. ముందు హ్రిస్తో బోతెవ్ అనే బల్గేరియా కవి గురించి రెండు ముక్కలు విను.

1848లో కలోఫెర్ అనే ఊళ్లో బడిపంతులి కొడుకుగా పుట్టాడు. అప్పుడు ఆ దేశం తుర్కుల ఏలుబడిలో ఉంది. తర్వాత రుమేనియా చేరి, ఒక చలికాలమంతా బుకారెస్టు దగ్గర పాడుబడ్డ గాలిమరలో గడిపాడు. తోడు ఎవరనుకున్నావు? తుర్కుల మీద పోరాటం నడిపిన విప్లవకారుడు వాసిల్ లెవ్‌స్కీ. తర్వాత పత్రికలు నడిపాడు, బడిలో పాఠాలు చెప్పాడు. మొత్తం మీద రాసిన కవితలు ఇరవై చిల్లర. నీ కట్టలో అంతకంటే ఎక్కువే ఉన్నాయి!

వాటిలో మొదట అచ్చయింది అమ్మను ఉద్దేశించి రాసింది. హాజీ దిమితర్ అనే వీరుడి మీద రాసినదాన్ని కాస్త నింపాదిగా చదువు. కొండ మీద అతను గాయాలతో పడి ఉంటాడు. కింద పొలాల్లో కోతలు, కోత కోసే ఆడవాళ్ల పాటలు. గద్ద రెక్కతో నీడ పడుతుంది, తోడేలు గాయం నాకుతుంది. జెండా ఊసే అక్కర్లేకపోయింది. 1873లో లెవ్‌స్కీని సోఫియాలో ఉరితీశారు. ఆ దుఃఖంతో రాసిన కవితను బోతెవ్ 1876 గోడ క్యాలెండరులో అచ్చేయించాడు. గోడకు తగిలించుకుని రోజూ చూస్తారు కదా! నాకు ఆ ఆలోచనే భలే నచ్చింది.

ఇక నీకు మింగుడుపడని సంగతి. ఆయన కోపం తుర్కుల మీద మాత్రమే కాదు. సారాకొట్లో కూర్చుని స్వాతంత్ర్యం గురించి గొప్పలు కొట్టి, మత్తు దిగాక మరిచిపోయే తనవాళ్లను వదల్లేదు. డబ్బున్న బల్గేరియన్లనూ, పూజారులనూ వదల్లేదు. 'దేశభక్తుడు' అన్న పేరుతోనే ఒక కవిత ఉంది. అది పచ్చి వెటకారం.

1876 మేలో సుమారు రెండు వందల మందితో, తోటపని కూలీల వేషంలో రాదెత్‌స్కీ అనే ఆస్ట్రియా స్టీమరెక్కి, దారిలో దాన్ని లోబరుచుకుని కొజ్లొదుయ్ దగ్గర దిగాడు. తుర్కుల మీద బల్గేరియాలో లేచిన తిరుగుబాటులో కలవాలని వెళ్లాడు గానీ, అప్పటికే దాన్ని చాలామటుకు అణిచేశారు. లేస్తారనుకున్న జనం లేవలేదు. కొద్ది రోజులకే వ్రాత్సా కొండల్లో తూటాకు బలయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో భార్య, పసిబిడ్డ. ఇప్పుడు ఏటా జూన్ 2న మధ్యాహ్నం సైరన్ మోగితే ఆ దేశంలో జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు. ఆ చావు చూసి మాత్రం నువ్వు మురిసిపోకు. చచ్చినందుకు ఆ కవితలు గొప్పవి కాలేదు. అవన్నీ బతికుండగా రాసినవే.

మొన్న ఫోన్లో మన ఊరి మంచినీళ్ల చెరువు ఉప్పయిపోయిందనీ, చుట్టూ రొయ్యల గుంటలు తవ్విన వాళ్లలో మన చుట్టాలే ఉన్నారనీ ఒకటే ఆవేశపడ్డావు. ఆ మాటల్లో ఉన్న కాక ఈ కట్ట మొత్తంలో లేదు. అది రాయి. బిందె పట్టుకుని పక్క ఊరికి నడిచే మీ అత్తను పెట్టు, గుంట తవ్వించిన చిన్నాన్నను కూడా పెట్టు. రాశాక ముందు నాకే పంపు. ఇంట్లో గొడవైతే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న