ఫోనులో మన సంఘపు మచ్చు



యార్డుకు సరకు తోలుకొనిపోవునపుడు మనము ముందుగా మచ్చు చూపుదుము. బేరగాడు బస్తాలన్నిటిని విప్పి చూడడు. గుప్పెడు గింజలను అరచేత పోసికొని, ఊది, కొరికి చూచి ధర చెప్పును. నేడు దూరపు వర్తకుడు అట్టి మచ్చును తన ఫోనులోనే చూడగోరుచున్నాడు. చెన్నపట్టణపు పప్పుమిల్లు యజమాని హనుమంతునిపాటి కందులను ఎన్నడును చూచియుండడు. గూగుల్ పటమునందు గాని, ఇ-నామ్ నందు గాని మన సంఘమును గూర్చి వ్రాసియుంచిన పుటయే అతనికి మన ముఖము, మన మచ్చు. దీనినే ప్రొఫైల్ అందురు. ఆ పుట లేకున్నను, ఉన్నదియు సరిగా లేకున్నను, సరకెంత మంచిదైనను కళ్లమువద్ద దళారి చెప్పిన ధరకే తల యూపవలసి వచ్చును.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మార్కాపురపు పలకను కొనిన వారిలో ఎందరు ఆ గనులను చూచిరి? ఊరి పేరు ముందు పోయినది, సరకు దాని వెనుక పోయినది. కంది, మిరప, సజ్జ పండించు మనకును అట్టి పేరు కావలెను.

అందుకు సాధనములు కలవు. కేంద్రప్రభుత్వము 2016 ఏప్రిల్ 14వ తేదీన ఇ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణిని ప్రారంభించినది. 2020 ఏప్రిల్ 2వ తేదీన దానికి చేర్చిన ఏర్పాటుచే రైతు ఉత్పత్తిదారుల సంఘములు సరకును యార్డుకు తోలకయే, తమ సేకరణ కేంద్రమునుండి ఛాయాచిత్రమును, నాణ్యత వివరములను ఎక్కించి అమ్మకమునకు పెట్టవచ్చును. అట్టి సంఘములు సహకార చట్టము క్రిందను నమోదు కావచ్చును. గూగుల్ పటమున పుట తెరచుటకు రుసుము లేదు. కావలసినదెల్ల శ్రద్ధగా వ్రాయుటయే. అందు పాటింపదగిన సంగతులివి:

1. పేరు, తావు: నమోదు పత్రమున ఉన్న పేరే అన్నిచోట్ల ఉండవలెను. ఒకచోట ఒక పేరు, వేరొకచోట మరియొక పేరు ఉన్నచో వర్తకుడు సందేహించును. గోదామునకు లారీ వచ్చు దారిని పటముపై సరిగా గుర్తింపవలెను.

2. సరకు వివరము: “మేలైన కందులు” అని వ్రాసినచో ఎవరికిని ఏమియు తెలియదు. “ఎల్.ఆర్.జి. 41 కందులు, ఈ సంవత్సరపు పంట, జల్లెడ పట్టినవి, తేమ 11 శాతము, 50 కిలోల సంచులు 120, వెరసి 60 క్వింటాళ్లు” అని ఈ రీతిగా వ్రాసినచో, అతడు వెంటనే లెక్క వేసికొనగలడు. మద్దతు ధరకు కొను కందులకు తేమ 12 శాతమునకు మించరాదను నియమము కలదు గదా. మిల్లు వాడును ముందుగా తేమనే అడుగును. కొలిచిన పిదపనే అంకె వ్రాయవలెను.

3. ఛాయాచిత్రము: పగటి వెలుతురున తీయవలెను. ఒకటి అరచేతిలోని గింజలు, ఒకటి సంచుల వరుస, ఒకటి గోదాము. ఇతరుల చిత్రములను ఎరువు తెచ్చి పెట్టరాదు.

4. సాక్ష్యము: సంఘపు నమోదు సంఖ్యను చూపవలెను. పప్పు చేసి పొట్లములు కట్టి అమ్మునపుడు 14 అంకెల ఆహార భద్రతా సంఖ్యయు అవసరము. సరకు కొనిన వారిని తమ అనుభవమును వ్రాయుమని అడుగవచ్చును; కాని మనవారిచేతనే పొగడ్తలు వ్రాయించుట తగదు. ఎవరైన తప్పు పట్టినచో కోపింపక, దిద్దుకొనిన విధమును మర్యాదగా బదులు వ్రాయవలెను.

5. జవాబు: అడిగిన వానికి ఆనాడే బదులీయవలెను. సరకు అమ్ముడుపోయినచో వెంటనే ఆ మాట వ్రాయవలెను. నిరుటి పంట వివరములు నేటికిని నిలిచియున్న పుట, తాళము వేసిన అంగడివంటిది.

6. జాగ్రత్త: పుటలో ఫోను సంఖ్య ఉండుటచే మోసగాండ్రును పిలుతురు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ సంఖ్యతో పని లేదు. అడిగినవాడు దొంగయని ఎరుగుడు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. మోసపోయినచో తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

కడపట ఒక మాట. సంచి పైభాగమున మంచి గింజలు, అడుగున మట్టిపెళ్లలు పెట్టువాని బేరము ఒక్కమారే సాగును. పుటలోని వ్రాతయు అట్టిదే. వ్రాసినదొకటి, లారీ కెక్కించినదొకటి అయినచో, ఆ లారీ తిరిగి వచ్చును; దానితోపాటు సంఘపు పేరును పోవును. ఒకని సంచిలోని కల్తీకి సభ్యులందరును నష్టపడుదురు.

కావున చదువు నేర్చిన యువకుని కొకనికి ఈ పనిని అప్పగించి, అతడు వ్రాసినదానిని ఎక్కించుటకు ముందు సభలో అందరికిని చదివి వినిపింపవలెను. “ఇది మన సరకే, ఈ మాట నిజమే” అని రైతులు ఒప్పుకొనిన పిదపనే లోకమునకు చూపుదము.