మాతృభాష, బోధనాభాష, మొదటి భాష: ఈ మూడును ఒకటేనా?



బడులు తెరచే జూన్ మాసములో దరఖాస్తులు చూసిపెట్టమని కొందరు తలిదండ్రులు మా యొద్దకు వచ్చుట వాడుక. ఒకసారి ఒక తండ్రి తానే నింపిన కాగితము తెచ్చెను. "మాతృభాష" అను గడిలో "తమిళము" అని ఉన్నది. "అదేమిటయ్యా, మీ ఇంట తెలుగే కదా?" అని అడిగితిమి. "పిల్లవాడు చదివేది తమిళ మీడియం గదండీ, అందుకే అలా రాశాను" అనెను. ఆయన కావాలని తప్పు వ్రాయలేదు. రెండు మాటలను ఒకటిగా తలంచెను, అంతే. ఈ పొరపాటు మనలో అనేకులకు కలదు గనుక నాలుగు మాటలను విడివిడిగా నేర్చుకొందము.

1. మాతృభాష

పసితనములో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష మాతృభాష. తల్లి బిడ్డ పసితనములోనే చనిపోయినచో, ఇంటిలో ముఖ్యముగా మాట్లాడిన భాష. మన దేశపు జనాభా లెక్కలలో పాటించే నిర్వచనమిదే. చదవను వ్రాయను వచ్చునా అను ప్రశ్న ఇందులో లేదు. రాజపాళయం రాజులు తరతరములుగా తమిళుల నడుమ ఉండియు ఇంట తెలుగు మాట్లాడుచున్నారు. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఊరి భాష తమిళమైనంత మాత్రమున ఇంటి భాష మారిపోదు.

2. బోధనాభాష

లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రము ఏ భాషలో చెప్పుదురో అది బోధనాభాష. మీడియం అని మనమనేది దీనినే. భాషాపరముగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పించ ప్రయత్నించవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. ఇది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరినది. మన కాగితములో మనమే తమిళమని వ్రాసికొన్న పిమ్మట, తెలుగు వసతి కావలెనని ఏ ముఖముతో అడుగుదుము?

3. మొదటి భాష

ఇది పాఠ్యాంశముల వరుసలోని మాట. తమిళనాడులో 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టము ప్రకారము పార్టు 1 తమిళము, పార్టు 2 ఇంగ్లీషు, పార్టు 3 ఇతర పాఠ్యాంశములు. తమిళముగాని ఇంగ్లీషుగాని మాతృభాష కానివారు తమ భాషను పార్టు 4లో ఐచ్ఛికముగా చదువుకొనవచ్చును. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా ఒక్కొక్క తరగతికి విస్తరించునట్లు ఈ ఏర్పాటు చేసిరి. కనుక పార్టు 1లో తమిళము చదువు పిల్లవాని మాతృభాష తెలుగు కావచ్చును, బోధనాభాష ఇంగ్లీషు కావచ్చును. ఒకే బిడ్డకు మూడు గడులు, మూడు జవాబులు. తమిళము బాగుగా నేర్చుట మన పిల్లలకు మేలే. దాని కొరకు తెలుగును కొట్టివేయనక్కరలేదు.

4. అక్షరాస్యత

ఏడేండ్లు నిండినవారు ఏ భాషలోనైనను అర్థము గ్రహించుచు చదవను, వ్రాయను కూడ నేర్చియున్నచో, జనాభా లెక్కలలో అక్షరాస్యులు. "ఏ భాషలోనైనను" అను మాట ముఖ్యము. మన పిల్లలు అక్షరాస్యులే, కాని తెలుగులో కాకపోవచ్చును. తెలుగు పాటలను తమిళ అక్షరములలో వ్రాసికొని పాడు పిల్లలను మేము చూచియున్నాము. తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరము. ట, డ లకును ఒకటే. "పాట" అని వ్రాసినను "బాట" అని వ్రాసినను అక్కడ ఒకే రూపము. నోట తెలుగు ఉన్నవానికి తేడా తెలియును. వాని బిడ్డకు తెలియునా?

ఆ తండ్రి తమిళమును కొట్టివేసి తెలుగు అని దిద్దెను. ప్రక్కనున్న పిల్లవానితో, "ఆ మాటను తెలుగులో వ్రాయుము బాబూ" అంటిమి. వాడు తండ్రి ముఖము చూచెను. తండ్రి నేల చూచెను. గడి నిమిషములో సరియైనది, ఆ మూడు అక్షరములు నేర్పుటకు వారము పట్టినది. ఆ వారమును ఇంటిలో మనమే ఇయ్యవలెను. పిల్లలకు రోజుకు అరగంట చాలును.

ఇంట ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన పిల్లల బడి కాగితములలో మాతృభాష గడిలో ఏమున్నది?
2. వారి బోధనాభాష ఏది? పార్టు 1లో చదివే భాష ఏది?
3. వారు తమ పేరు, తాతగారి పేరు తెలుగులో వ్రాయగలరా? లేనియెడల నేటి సాయంకాలమే పలక తీయుదము.